మూల కణాల ఇంజెక్షన్‌తో నాన్న దవడ ఎముక బాగవుతుందా?

ప్రకాశం జిల్లా నుంచి ఒకావిడ నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. సారాంశం ఇది.

ఆవిడ తండ్రికి 62 ఏళ్లు. పొగాకు రైతు, ముప్పై ఏళ్లు ఖైనీ నమిలిన మనిషి. 2019లో ఎడమ బుగ్గలో క్యాన్సర్ బయటపడితే ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ చేయించారు. ఆ తర్వాత ఆరు వారాల్లో 30 సార్లు రేడియేషన్ ఇచ్చారు. ఆయన దాన్ని 'కరెంటు' అంటారట. ఐదేళ్లు బాగానే గడిచాయి. కిందటి కార్తీకమాసంలో ఎడమవైపు కింది దవడ పన్ను పుచ్చి నిద్ర పట్టనివ్వకపోతే కూతురే దగ్గర్లోని టౌన్‌కి తీసుకెళ్లి పీకించారు. ఎనిమిది నెలలైనా ఆ గుంట పూడలేదు. లోపల పసుపుపచ్చగా ఎముక కనిపిస్తోంది, చీము వాసన, నోరు రెండు వేళ్లు కూడా పట్టనంతగా బిగుసుకుపోయింది. పక్కన ఇంకో పన్ను కూడా కదులుతోంది. క్యాన్సర్ ఆసుపత్రిలో సీటీ స్కాన్ తీసి, రేడియేషన్ వల్ల ఎముక చచ్చిపోయిందని చెప్పారు. దెబ్బతిన్న దవడ ముక్క తీసేసి, కాలిలోని ఎముకతో తిరిగి కట్టాల్సి రావొచ్చని అన్నారు. "మళ్లీ కత్తి పట్టుకుంటే నేను టేబుల్ ఎక్కను" అని తండ్రి మొండికేశారు.

ఈలోగా డాలస్‌లో ఉండే అన్నయ్య ఒక క్లినిక్ వీడియో పంపారు. పొట్ట కొవ్వులోంచి మూల కణాలు (స్టెమ్ సెల్స్, అంటే వేరే రకం కణాలుగా మారగలవని చెప్పే కణాలు) తీసి ఒకసారి దవడలోకి, రెండుసార్లు సెలైన్‌లో ఎక్కిస్తారట. ఆపరేషన్ లేదు, నాలుగున్నర లక్షలు, పది రోజుల్లో అడ్వాన్స్ కడితే ఈ నెల స్లాట్. "డబ్బు నేను పంపుతా, నువ్వు తీసుకెళ్లు, ఇందులో ఆలోచించేదేముంది" అని అన్నయ్య. ఊళ్లో స్థలం కూడా అమ్మేద్దామని అమ్మ. చివర్లో ఆవిడ ఒక మాట రాశారు: "పన్ను పీకేముందు డెంటిస్టు ఏమైనా జబ్బులున్నాయా అని అడిగారు. క్యాన్సర్ అంటే వెనక్కి పంపేస్తారేమోనని బీపీ తప్ప ఏమీ లేదన్నాను. నాన్న ఇప్పటికీ ఆ డెంటిస్టునే తిడుతుంటారు. నేను వింటూ కూర్చుంటాను."

అమ్మా,

మీ ఉత్తరంలో మూడు ముళ్లున్నాయి: మూల కణాలు పనిచేస్తాయా, నాన్న ఆపరేషన్ వద్దంటే ఏం చేయాలి, తప్పు మీదేనా. మూడూ కలిసిపోయి ఒకటే ముడిలా కనిపిస్తున్నాయి కాబట్టే ఆ క్లినిక్ మాట అంత తీయగా వినిపిస్తోంది. అది ఒక్క దెబ్బకి మూడింటినీ విప్పేస్తానంటోంది కదా! ఎముక బాగవుతుంది, కత్తి తగలదు, మీ మనసు మీద బరువూ దిగిపోతుంది. ఒక మాట ముందే చెబుతాను. నేను నాన్నగారి నోరు చూడలేదు, మీరు పంపిన సీటీ రిపోర్టు ఫొటో మాత్రమే చూశాను. కాబట్టి ఇదే చెయ్యండి అనలేను, ఏది ఎటు దారి తీస్తుందో చెప్పగలను.

ముందు జబ్బు సంగతి. దీన్ని ఆస్టియోరేడియోనెక్రోసిస్ అంటారు. క్యాన్సర్ తిరగబెట్టలేదని తేలాక కూడా, రేడియేషన్ తగిలిన ఎముక మూడు నెలలకు పైగా నోట్లోకి తెరుచుకుని మానకుండా ఉంటే ఈ పేరు పెడతారు. రేడియేషన్ క్యాన్సర్ కణాలను చంపేటప్పుడు దారిలో ఉన్న ఎముకకూ దెబ్బ తగులుతుంది. సన్నటి రక్తనాళాలు మూసుకుపోతాయి, ఎముకను కట్టే కణాలు తగ్గుతాయి, వాటి చోట పీచులాంటి కణజాలం పేరుకుంటుంది. పై దవడకు నాలుగు వైపుల నుంచీ రక్తం అందుతుంది. కింది దవడ ఎముక గట్టిది, దానికి రక్తం ఎక్కువగా ఒక్క ధమని మీదే ఆధారం. అందుకే ఈ జబ్బు దాదాపుగా కింది దవడకే వస్తుంది, అందులోనూ దవడ పళ్ల దగ్గర. నాన్నగారి డిశ్చార్జి కాగితంలో 60 గ్రే అని ఉంది, గ్రే అంటే రేడియేషన్ మోతాదుకు కొలత. అది చిన్న మోతాదు కాదు. ఐదేళ్లు గడిస్తే ఆ ఎముక మళ్లీ మామూలైపోతుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు, ఆ బలహీనత జీవితాంతం ఉంటుంది.

మీ కాగితాల్లో నాకు కనిపించనిది ఒకటుంది: ముక్క పరీక్ష, అంటే బయాప్సీ. సీటీ మాత్రమే చూసి క్యాన్సర్ లేదని పూర్తిగా అనలేం. మానని పుండు అడుగున పాత జబ్బే దాక్కుని ఉండొచ్చు, బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఆసుపత్రిలో ఇప్పటికే చేసి ఉంటే రిపోర్టు అడిగి తీసుకోండి. చేయకపోతే ఎందుకు చేయలేదో అడగండి. దెబ్బతిన్న ఎముకను అనవసరంగా గెలకకూడదని డాక్టర్లు ఒక్కోసారి ఆగుతారు, ఆ కారణం వాళ్ల నోటి నుంచే వినండి. మూల కణాల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. ఆ కణాలు చేసే పనే చుట్టుపక్కల కొత్త రక్తనాళాలను, పెరుగుదలను ప్రోత్సహించడం. ఒకప్పుడు క్యాన్సర్ ఉన్న చోట, లోపల ఏమీ మిగల్లేదని తేల్చుకోకుండా అలాంటివి వేయడానికి ఏ క్యాన్సర్ డాక్టరూ ఒప్పుకోడు. క్లినిక్ వాళ్లు ముక్క పరీక్ష రిపోర్టు అడిగారా? మీ ఉత్తరంలో ఆ మాటే లేదు. పంపమన్నది ఆధార్ కార్డు, అడ్వాన్స్ మాత్రమే.

ఇప్పుడు మూల కణాల సంగతి. ఆ ఆలోచన పిచ్చిది కాదు, మీ అన్నయ్య మోసపోయిన అమాయకుడూ కాదు. రక్తం అందక, కణాలు చచ్చి ఎముక పాడైతే, కొత్త కణాలు తెచ్చి వేద్దామనడం సబబుగానే ఉంది. ఎలుకల్లో, పందుల్లో మంచి ఫలితాలు వచ్చాయి. మనుషుల్లో కూడా 2010 నుంచి అక్కడొకటి ఇక్కడొకటి కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి, 2014లో మన దేశం నుంచీ వచ్చింది. కానీ ఆ కేసుల్లో ఏం చేశారో చూడండి. చచ్చిన ఎముకను తీసి శుభ్రం చేశారు. ఆ ఖాళీలో ఎముక పొడిలాంటి ఆసరా పదార్థం, రోగి రక్తం నుంచి తీసిన ప్లేట్‌లెట్లు, వాటితోపాటు ఎముక మజ్జ నుంచి తీసిన కణాలు వేశారు. మానితే ఏది మాన్పిందో చెప్పడం కష్టం. వేయనివాళ్లతో పోల్చి చూసిన పెద్ద ట్రయల్ లేదు. అసలు 'ఆపరేషన్ లేకుండా' అనే మాటకు ఆ కేసుల్లోనే ఆధారం లేదు. చచ్చిన ఎముక చచ్చినట్టే ఉంటుంది, దాని మీద ఎన్ని కణాలు పోసినా బండరాతి మీద నారు పోసినట్టే. సెలైన్‌లో ఎక్కించే కణాల్లో ఎక్కువ భాగం ముందు ఊపిరితిత్తుల్లోనే చిక్కుకుపోతాయి. దవడకు చేరేదెంత?

ఇంకో ముచ్చట. ఈ కణాలకు 1991లో ఇంగ్లీషులో 'మెసెంకైమల్ స్టెమ్ సెల్స్' అని పేరు పెట్టిన శాస్త్రవేత్త ఆర్నాల్డ్ కాప్లాన్. 2017లో ఆయనే ఆ పేరు మార్చాలని రాశారు. ఇవి వెళ్లి కొత్త అవయవంగా మారిపోవడం లేదు, చుట్టూ ఉన్న కణాలకు సంకేతాలు పంపుతున్నాయంతే, 'స్టెమ్ సెల్' అంటే జనానికి తప్పుడు ఆశ కలుగుతోందని ఆయన బాధ. వీడియోలో చూపించే బొమ్మలో ఇంజెక్షన్ పడగానే తెల్లగా కొత్త దవడ మొలుస్తుంది చూశారా, ఆయన మార్చమన్నది ఆ బొమ్మనే.

ఈ జబ్బులోనే ఇలాంటి కథ ఒకసారి నడిచింది. 1983లో అమెరికన్ సర్జన్ రాబర్ట్ మార్క్స్ ఈ ఎముకకు ఆక్సిజన్ తక్కువ, నాళాలు తక్కువ, కణాలు తక్కువ అని వివరించారు. అయితే ఆక్సిజన్ ఎక్కువగా ఇద్దామని రోగులను గాలి ఒత్తిడి పెంచిన గదుల్లో కూర్చోబెట్టి ఇరవై ముప్పై సిట్టింగులు ఇవ్వడం ఊపందుకుంది. వినడానికి ఎంతో సబబు. 2004లో ఫ్రాన్స్‌లో 68 మందితో సరైన ట్రయల్ చేస్తే, ఆక్సిజన్ ఇచ్చినవాళ్లలో 19 శాతం, ఇవ్వనివాళ్లలో 32 శాతం కోలుకున్నారు. ఆ ట్రయల్‌ను మధ్యలోనే ఆపేశారు. ఆ చికిత్స మీద డాక్టర్ల మధ్య వాదన ఇంకా తెగలేదు, కొన్ని కేసుల్లో ఆపరేషన్‌కి తోడుగా ఇస్తూనే ఉన్నారు. సబబుగా వినిపించేదల్లా పనిచేస్తుందని లేదు. మూల కణాలు ఇంకా ఆ పరీక్ష రాయలేదు.

మరి మన దేశంలో రూలేమిటి? భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, 2007లో మార్గదర్శకాలు ఇచ్చినప్పుడు వాటి పేరులో 'మూల కణాల పరిశోధన, చికిత్స' అని ఉండేది. 2013లో సవరించేటప్పుడు ఆ పేరులోంచి 'చికిత్స' అనే మాట తీసేశారు, కావాలనే. 2017 మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త సంబంధ జబ్బులకు చేసే ఎముక మజ్జ మార్పిడి లాంటివి తప్ప, మూల కణాలతో ఏం చేసినా అది పరిశోధనే. పరిశోధన అయితే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, సీటీఆర్‌ఐ అనే జాతీయ రిజిస్టర్‌లో నమోదు ఉండాలి, రోగి దగ్గర ఫీజు తీసుకోకూడదు. ఆ తర్వాత మోకాలి అరుగుదల లాంటి ఒకటి రెండు జబ్బులకు ఒక ఉత్పత్తికి అనుమతి వచ్చిన మాట నిజమే. దాన్ని చూపించి 'గవర్నమెంట్ అప్రూవ్డ్' అంటే దవడకూ అనుమతి ఉందని అర్థం కాదు.

కాబట్టి క్లినిక్‌కి ఫోన్ చేసి ఒక్కటే అడగండి: "ఇది ట్రయలా, ట్రీట్‌మెంటా?" ట్రయల్ అంటే నాలుగున్నర లక్షలు ఎందుకు? ట్రీట్‌మెంట్ అంటే రేడియేషన్ తగిలిన దవడకు అనుమతి కాగితం ఏది? సీటీఆర్‌ఐ నంబరు ఇస్తే ఆ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి, జబ్బు పేరు దవడ ఎముకేనా, ఇంకేదో మోకాలిదా అన్నది చదవండి. అన్నయ్యే ఇది పది నిమిషాల్లో చేయగలరు. ఆయనకు ఏదో ఒకటి చేయాలని ఉంది, ఈ పని ఆయనకే అప్పగించండి. పది రోజుల గడువు గురించి నా మాట కటువుగానే ఉంటుంది. ఎనిమిది నెలలుగా ఉన్న పుండుకు స్లాట్ అయిపోతుందని తొందరపెట్టేవాళ్లు వైద్యం అమ్మడం లేదు, సీటు అమ్ముతున్నారు.

ఇంత చెప్పాక కూడా మీరు వెళ్లాలనుకుంటే ఆపేవాడిని నేను కాను. కానీ ఏం జరగొచ్చో తెలిసి వెళ్లండి. డబ్బు పోవడం ఒకటి. దానికన్నా కాలం పోవడం పెద్దది. ఆ మూడు సిట్టింగులు, తర్వాత 'ఇంకో మూడు నెలలు చూద్దాం' అనేలోపు ఎముక కింది అంచు దాకా తినేస్తే దవడ విరగొచ్చు, బుగ్గ మీద చీము కారే రంధ్రం పడొచ్చు. అప్పుడు పెద్ద ఆపరేషన్ తప్ప మిగిలేది ఉండదు. ఆపరేషన్ తప్పించుకోవడానికి వెళ్లి ఆపరేషన్ దగ్గరికే చేరతారు.

ఇక నాన్నగారి 'వద్దు' గురించి. మీ ఇంట్లో అందరూ దీన్ని 'ఆపరేషన్ వద్దు కాబట్టి మూల కణాలు' అని అనువదించుకున్నారు. ఆయన ఆ మాట అనలేదు. కత్తి వద్దన్నారు, అంతే. కత్తికీ ఆ క్లినిక్‌కీ మధ్య ఇంకో దారి ఉంది, దాని గురించి ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

మీరు పంపిన రిపోర్టులో దవడ కింది అంచు చెడలేదని, విరగలేదని రాసి ఉంది. బుగ్గ మీద రంధ్రం కూడా లేదన్నారు. ఈ దశలో కొంతమందికి ముందు మందులతో ప్రయత్నిస్తారు. పెంటాక్సిఫిలిన్ అనే రక్తప్రసరణ మాత్ర 400 మిల్లీగ్రాములది రోజుకు రెండుసార్లు, దాంతోపాటు ఎక్కువ మోతాదులో విటమిన్ ఇ, నెలల తరబడి. అవసరమైతే యాంటీబయాటిక్, క్లోర్‌హెక్సిడిన్‌తో పుక్కిలించడం, ఊడివస్తున్న ఎముక పెచ్చులను మెల్లగా తీయడం. దీన్ని ముందుకు తెచ్చింది ఫ్రాన్స్ డాక్టర్ సిల్వీ డెలానియన్ బృందం. ఆక్సిజన్ కన్నా ఆ పీచు పేరుకోవడమే అసలు సమస్య అని వాళ్ల వాదన. వాళ్ల రోగుల్లో చాలామందికి మానింది. కానీ పోల్చి చూసిన ట్రయల్స్ ఇక్కడా బలంగా లేవు, ఇది మూల కణాలకు చెప్పినంత నిక్కచ్చిగా దీనికీ చెప్పాలి. తేడా ఏమిటంటే ఇవి ఏళ్లుగా వాడుకలో ఉన్న మందులు, వాటి బాగోగులు తెలుసు, ఖర్చు నాలుగున్నర లక్షల్లో మూలకు కూడా రాదు, పనిచేయకపోతే సర్జన్ అదే గదిలో చూస్తూ ఉంటారు. కడుపులో తిప్పడం, తల తిరగడం ఉండొచ్చు. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లకు రక్తస్రావం భయం ఉంది, నాన్నగారి బీపీ మాత్రలతో కలిసి బీపీ మరీ తగ్గొచ్చు. కాబట్టి మెడికల్ షాపులో కొని మొదలుపెట్టొద్దు. "మా నాన్నకు ముందు ఇది ప్రయత్నించొచ్చా? ఎన్ని నెలలు చూస్తాం? ఏం కనిపిస్తే ఆపేస్తాం?" అని సర్జన్‌ని అడగండి. కుదరదంటే కారణం అడగండి. సీటీ ఫిల్ములో ఆయనకు కనిపించేది నాకు కాగితంలో కనిపించకపోవచ్చు.

రెండో అభిప్రాయం కావాలంటే విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ఉంది. కదలలేకపోతే టాటా మెమోరియల్ డాక్టర్ల అభిప్రాయం ఆన్‌లైన్‌లో ఇప్పించే 'నవ్య' సర్వీస్ ఉంది. స్కాన్ సీడీ, 2019 నాటి రేడియేషన్ కాగితాలు సిద్ధంగా పెట్టుకోండి. ఆ పన్ను ఉన్న చోట ఎంత మోతాదు పడిందో ఆ పాత ప్లాన్‌లోంచే తెలుస్తుంది.

ఆపరేషనే తప్పదని తేలితే? అప్పుడైనా నాన్నగారిని 'ఒప్పించాలి' అని కూర్చోకండి. ఆయన భయం దేని మీదో కనుక్కోండి. 2019లో ఆయన ఏం అనుభవించారో మీరు బయటి నుంచి చూశారు, ఆయన లోపల ఉన్నారు. ముక్కులో పైపా, మాట పోతుందనా, మొహం వంకర పోతుందనా, కాలు తీసేస్తారనా? కాలి విషయంలో చాలామందికి అపోహ ఉంటుంది. తీసేది పిక్క పక్కనుండే సన్నటి ఎముక, బరువు మోసేది దాని పక్కనున్న పెద్ద ఎముక, నెలా రెండు నెలల్లో మామూలుగా నడుస్తారు. ఆ ఎముకతోపాటు దాని సొంత రక్తనాళాన్నీ తెచ్చి మెడలోని నాళానికి కుడతారు. రేడియేషన్ తగిలిన చోటికి మంచి రక్తం మోసుకొచ్చే పద్ధతి అది. మూల కణాలు చేస్తామన్న పనిని ఇది నిజంగా చేస్తుంది. కష్టాలూ దాచకూడదు. ఎనిమిది, పది గంటల ఆపరేషన్, ఐసీయూ, కొన్నాళ్లు పైపుతో తిండి, కొద్దిమందిలో కుట్టిన నాళం మూసుకుపోయి మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లాల్సి రావడం. ఈ ఆపరేషన్ చేయించుకుని ఏడాది గడిచిన మనిషిని ఎవరినైనా చూపించమని సర్జన్‌ని అడగండి. వాళ్లు ఎదురుగా కూర్చుని టీ తాగడం చూస్తే, మీరూ నేనూ పది రోజులు చెప్పినా ఎక్కనిది ఎక్కుతుంది. అయినా వద్దంటే అది ఆయన హక్కు. అప్పుడు నొప్పి, వాసన, చీము తగ్గించే వైద్యం ఉంది. దాన్ని ఓటమిలా చూడొద్దు.

అమ్మగారిని స్థలం అమ్మనివ్వకండి, ఇప్పుడే కాదు. ఇంతకుముందు ఆరోగ్యశ్రీలో చేయించారు కాబట్టి ఆ దారి మీకు తెలుసు. ఇప్పుడు పేరు ఎన్టీఆర్ వైద్యసేవ. ఈ ఆపరేషన్ ఏ ప్యాకేజీలోకి వస్తుందో, ఏది రాదో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడిగి రాయించుకోండి. అన్నయ్య డబ్బుకు వేరే పనులు బోలెడు: రాకపోకలు, ప్యాకేజీలో రాని ఖర్చులు, మెత్తటి పౌష్టికాహారం, ఆయన కోలుకునే నెలల్లో అమ్మకు తోడుగా ఒక మనిషి. సర్జన్‌తో తర్వాతి అపాయింట్‌మెంట్‌లో అన్నయ్యను వీడియో కాల్‌లో కూర్చోబెట్టండి. దూరాన ఉన్నవాళ్లకు తెలిసేది మనం చెప్పిన సగం, వాట్సాప్ చెప్పిన సగం. డాక్టర్ మాట సూటిగా వింటే ఆయన పట్టు సడలుతుందనుకుంటున్నాను. ఇంకోటి, ఖైనీ. 'మానేశాడు' అని రాసి, పక్కనే 'అనుకుంటున్నాం' అని రాశారు. ఆ 'అనుకుంటున్నాం' తేల్చుకోండి. పొగాకు ఆపకపోతే పైన చెప్పిన ఏ దారిలోనైనా ఆ గుంట పూడటం కష్టం.

ఇక మీ బరువు. బ్రిటన్‌లో హోపాన్ అనే ట్రయల్ చేశారు, 2019లో ఫలితాలు వచ్చాయి. రేడియేషన్ తగిలిన కింది దవడలో పళ్లు తీయాల్సినవాళ్లు, అన్నీ తెలిసిన నిపుణులు, అన్ని జాగ్రత్తలూ. అయినా వందలో ఆరుగురికి ఇదే జబ్బు వచ్చింది. అంటే డెంటిస్టుకు మీరు నిజం చెప్పినా ఇది రాకూడదనేం లేదు. పన్ను పీకకుండా పుచ్చిన పన్నునే ఉంచినా ఆ ఇన్ఫెక్షన్‌తో రావొచ్చు. కొంతమందికి ఏ పన్నూ ముట్టుకోకుండానే వస్తుంది. అలాగని మీరు చెప్పకపోవడం చిన్న విషయమని అనను. చెప్పి ఉంటే ఆయన క్యాన్సర్ ఆసుపత్రికి ఫోన్ చేసేవారేమో, పన్ను పీకకుండా వేరే వైద్యం చేసి నిలబెట్టేవారేమో. మీకూ తెలుసు, అందుకే రాశారు.

నాన్నకు చెప్పాలా వద్దా అన్నది మీరు అడగలేదు గానీ, ఉత్తరం అంతా ఆ వాక్యం కోసమే రాసినట్టుంది. చెప్పకపోతే ఏమవుతుంది? ఆ డెంటిస్టు తిట్లు తింటూనే ఉంటారు, మీరు వింటూనే ఉంటారు, ఆ బరువు దించుకోవడానికి ఏ క్లినిక్ ఎంత అడిగినా ఇచ్చేయాలనిపిస్తుంది. చెబితే ఆయనకు కోపం రావొచ్చు, రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. మీ నాన్న ఎలాంటివారో మీకే తెలుసు. కానీ చెప్పడానికి ఒక అవసరం ఉంది, క్షమాపణతో సంబంధం లేనిది. ఇంకో పన్ను కదులుతోందన్నారు. రేపు మీరు ఊళ్లో లేనప్పుడు అది నొప్పి పెడితే, అమ్మ ఆయన్ని మళ్లీ అదే టౌన్‌కి తీసుకెళ్తారు. అమ్మకూ తెలియదు, ఆయనకూ తెలియదు. ఆ పన్నును ఎవరు ముట్టుకోవాలన్నా ముందు ఆ క్యాన్సర్ ఆసుపత్రి డాక్టర్లను అడగాలి.

అందుకే ఈ వారంలోనే ఒక చిన్న అట్టముక్క మీద తెలుగులో, కింద ఇంగ్లీషులో రాయండి: 'ఎడమ దవడకు 2019లో రేడియేషన్, 60 గ్రే. క్యాన్సర్ డాక్టర్‌ని అడగకుండా పన్ను తీయకూడదు.' ఆసుపత్రి ఫోన్ నంబరు కూడా వేయండి. నాన్న చొక్కా జేబులో ఆధార్ కార్డు ఉండే కవర్లో పెట్టండి. ఇదేంటమ్మా అని ఆయన అడుగుతారు.